ముందు తొట్టి, తరువాతే ఫౌంటెన్: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఇంటి ముందు కాస్త జాగా మిగిలితే అక్కడ చిన్న ఫౌంటెన్ పెట్టుకోవాలన్న కోరిక తిరుపతి, చిత్తూరు ప్రాంతాల పాఠకుల్లో పెరుగుతున్నదని మాకు వస్తున్న ఉత్తరాలు చెబుతున్నాయి. రాయి ఏ రంగుది తేవాలి, దీపాలు ఎక్కడ అమర్చాలి అని అడిగేవారు చాలామంది ఉన్నారు కానీ, వీటన్నిటికీ అడుగున ఉండి నీళ్లు పట్టి ఉంచే తొట్టి గురించి ముందుగా అడిగేవారు అరుదు. తీరా ఫౌంటెన్ నడవడం మొదలయ్యాక వచ్చే ఫిర్యాదుల్లో అధికభాగం ఆ తొట్టికి సంబంధించినవే కావడం వల్ల, ఈసారి శీర్షికను పూర్తిగా దానికే కేటాయించాము.

ప్రశ్న: తిరుచానూరు రోడ్డు వైపు కొత్తగా ఇల్లు కట్టుకున్నాము. వాకిలి పక్కన 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు జాగా ఉంది. నడిమధ్యన పై నుంచి కింది దాకా రంధ్రం తొలిచిన నల్ల గ్రానైటు స్తంభం కొన్నాము. ఎత్తు 3 అడుగులు, మందం నాలుగు వైపులా ఒక్కో అడుగు. నీళ్లు పైన ఉబికి నాలుగు పక్కలా జారాలని మా కోరిక. 2 అడుగుల తొట్టి చాలునని మేస్త్రీ అంటున్నారు, 6 అడుగులు లేనిదే కుదరదని రాయి అమ్మిన వారు అంటున్నారు. ఎవరి మాట వినాలి? లోతు ఎంత ఉండాలి? ఎలాంటి మోటారు తేవాలి?
— ఒక గృహిణి, తిరుపతి

జవాబు: అమ్మా, రాయి అమ్మిన వారు చెప్పిన కొలత గాలిలోకి చిమ్మే ఫౌంటెన్‌కు సరిపోయేది. నీరు ధారగా పైకి ఎగసి పడే చోట, అది ఎంత ఎత్తుకు లేస్తుందో మధ్య నుంచి తొట్టి అంచు దాకా కనీసం అంత దూరం ఉండాలన్నది అందరూ పాటించే లెక్క. 3 అడుగుల ధారకు 6 అడుగుల వ్యాసం గల తొట్టి కావాలి, గాలి ఎక్కువగా వీచే ఆరుబయట అయితే అంతకంటే పెద్దది కావాలి. మీ స్తంభం సంగతి వేరు. నీరు రాయిని అంటిపెట్టుకుని జారుతుంది కాబట్టి తుంపర తక్కువగా ఉంటుంది. ఇటువంటి వాటికి రాయి ఎత్తులో సగం మేర, అంటే అడుగున్నర, ప్రతి వైపునా వదిలితే చాలు. రాయి మందం 1 అడుగు, ఇరువైపులా అడుగున్నర చొప్పున 3 అడుగులు, మొత్తం 4 అడుగుల వ్యాసం. మేస్త్రీ చెప్పిన 2 అడుగుల తొట్టిలో రాయికి ఒక్కో వైపున 6 అంగుళాలే మిగులుతాయి. సాయంత్రం కొద్దిగా గాలి తిరిగినా ఆ నీళ్లు మీ వాకిట్లోనే పడతాయి, రెండు రోజులకొకసారి తొట్టి నింపడం మీ పని అవుతుంది.

లోతు విషయంలో ఆదా చేయవద్దు. వెడల్పు తుంపరను పట్టడానికి, లోతు మోటారును కాపాడడానికి. తొట్టి లోపల 18 అంగుళాల లోతు ఉంచి, పైన 4 అంగుళాలు ఖాళీగా వదిలి, 14 అంగుళాల మేర నీరు నింపండి. 4 అడుగుల వ్యాసానికి మధ్యలో రాతి దిమ్మె తినేసే జాగా పోగా ప్రతి అంగుళం లోతుకు సుమారు 27 లీటర్లు పడతాయి, కాబట్టి 14 అంగుళాలకు దాదాపు 380 లీటర్లు. ఇది ఎక్కువని అనిపించవచ్చు గానీ మన ఎండలను లెక్కలోకి తీసుకుని చూడండి. నీటి ఉపరితలం నుంచి రోజుకు 8 మిల్లీమీటర్లు ఆవిరైతే చదరపు మీటరుకు 8 లీటర్లు పోయినట్లు. మీ తొట్టి వైశాల్యం చదరపు మీటరు కంటే కొంచెం ఎక్కువ, తడిసిన రాయి నాలుగు ముఖాలూ కలిపితే మరో చదరపు మీటరు. కనుక ఏప్రిల్, మే నెలల్లో రోజుకు 15 నుంచి 20 లీటర్లు తగ్గడం సహజం. అంటే సుమారు ముప్పావు అంగుళం. మీరు నాలుగు రోజులు ఊరికి వెళ్లి వచ్చినా మోటారు నీటిలోనే మునిగి ఉంటుంది. 60 లీటర్లు పట్టే చిన్న తొట్టి అయితే రెండో రోజుకే మోటారు గాలి పీల్చుకుంటుంది. నీటితోనే చల్లబడే ఈ చిన్న మోటార్లు ఉత్తినే తిరిగితే త్వరగా కాలిపోతాయి.

చాలామంది ఏమరుపాటు పడే చోటు ఒకటుంది. తొట్టి నిండా గులకరాళ్లు పోస్తే అందంగా ఉంటుందని పోసేస్తారు. గులకరాళ్లు ఉన్న చోట దాదాపు 60 శాతం జాగా రాళ్లదే, నీటికి మిగిలేది 40 శాతమే. మీ 380 లీటర్ల తొట్టి 150 లీటర్ల తొట్టిగా మారిపోతుంది, అడుగున చేరిన బురదను తీసే దారి కూడా ఉండదు. తొట్టి అంచుకు 2 అంగుళాల కింద ఇనుప గ్రిల్లు అమర్చి, దాని మీద సన్నని జాలీ పరచి, గులకరాళ్లను ఒకే వరుసగా పేర్చండి. గ్రిల్లుకు తుప్పు పట్టకుండా గాల్వనైజు చేయించండి, ఒక పక్కన చేయి దూరేంత భాగాన్ని విడిగా ఎత్తగలిగేలా పెట్టించండి. మోటారు ఆ భాగం కిందనే ఉండాలి. రాయిని కదిపితే తప్ప మోటారు బయటికి రాని విధంగా కట్టిన ఫౌంటెన్లను మేము చాలా చూశాము. గ్రిల్లు వల్ల ఇంకొక ముఖ్యమైన మేలు ఉంది. పసిపిల్లలకు కొద్ది అంగుళాల నీరు కూడా ప్రాణాపాయమే కనుక, ఒక బిడ్డ ఎక్కి నిలబడినా వంగనంత గట్టిదనం ఆ గ్రిల్లుకు ఉండాలి.

ఇక కట్టుబడి. ఘనపు అడుగు గ్రానైటు సుమారు 75 కిలోలు ఉంటుంది కాబట్టి మీ స్తంభం 225 కిలోల దాకా తూగుతుంది, ఆ బరువంతా ఒక్క చదరపు అడుగు మీద పడుతుంది. నీటి బరువు మరో 380 కిలోలు. నేలను గట్టిగా దిమ్మిస కొట్టించి, కంకర పరచి, దాని మీద 5 అంగుళాల మందాన 1 పాలు సిమెంటు, ఒకటిన్నర పాళ్లు ఇసుక, 3 పాళ్ల కంకర కలిపిన కాంక్రీటు వేయించండి. అందులో 8 మిల్లీమీటర్ల కమ్మీలను 6 అంగుళాల ఎడంతో అడ్డంగా, నిలువుగా కట్టించండి. రాయి నిలబడే దిమ్మె గట్టి కాంక్రీటుదో, రాతిదో అయి ఉండాలి; డొల్ల ఇటుకలు పనికిరావు. దిమ్మె అడుగు భాగాన పైపు దూరే కాలువ ఒకటి వదలాలి. చుట్టుగోడకు ఇటుక కట్టించవచ్చు గానీ, బావులకూ సెప్టిక్ ట్యాంకులకూ వాడే 4 అడుగుల సిమెంటు వరలు దొరికితే అవే సులువు, చవక. పలక మీద వరలు నిలిపి, అతుకుల దగ్గర వాటర్ ప్రూఫింగ్ ద్రవం కలిపిన 1:3 సిమెంటు మాలుతో లోపలా బయటా పూత వేయిస్తే సరిపోతుంది. క్యూరింగు కోసం కనీసం 10 రోజులు తడి ఆరనివ్వకండి. ఇప్పుడు దుకాణాల్లో ఎక్కువగా దొరికే పీపీసీ (బూడిద కలిపి తయారు చేసే) సిమెంటుకు 7 రోజులు చాలవు.

రాయి నిలబెట్టే రోజున రసమట్టం పెట్టి, స్తంభం పైముఖం నాలుగు వైపులా సమంగా ఉందో లేదో దగ్గరుండి చూసుకోండి. గింజంత తేడా ఉన్నా నీళ్లన్నీ ఒకే ముఖం మీద జారి మిగతా మూడు ముఖాలు ఎండి ఉంటాయి.

మోటారు కొనేటప్పుడు డబ్బా మీద రెండు అంకెలు కనబడతాయి: గంటకు ఎన్ని లీటర్లు, గరిష్ఠంగా ఎంత ఎత్తు. ఈ రెండూ ఒకేసారి నిజం కావు. ఎత్తు ఏమాత్రం లేనప్పుడే ఆ లీటర్లు వస్తాయి, ఆ గరిష్ఠ ఎత్తు దగ్గర ఒక్క చుక్క కూడా రాదు. గంటకు 2,000 లీటర్లు, 2 మీటర్ల ఎత్తు అని రాసి ఉన్న మోటారు మీ రాయి పైకి 2,000 లీటర్లు ఇస్తుందనుకుంటే పొరపాటు. మీకు నీటి మట్టం నుంచి రాయి తల దాకా సుమారు 3 అడుగుల 4 అంగుళాలు, పైపు వంపుల్లో పోయే ఒత్తిడి కూడా కలుపుకుని 5 అడుగులు, అంటే ఒకటిన్నర మీటర్లు అనుకోండి. ఆ ఎత్తున గంటకు 1,500 లీటర్లు వస్తే మీ రాయి నాలుగు ముఖాలూ తడవడానికి సాధారణంగా చాలు. అందుకని 3 మీటర్ల గరిష్ఠ ఎత్తు, 2,500 నుంచి 3,000 లీటర్ల సామర్థ్యం గలదాన్ని తీసుకుని, పైపు మధ్యలో ఒక బాల్ వాల్వు పెట్టి తగ్గించుకోండి. ఎక్కువను తగ్గించవచ్చు గానీ తక్కువను పెంచలేము.

కొనక ముందే మీ రాయికి ఎంత నీరు నప్పుతుందో తెలుసుకునే ఉపాయం కూడా ఉంది. మొక్కలకు నీళ్లు పట్టే పైపును రాతి రంధ్రం అడుగున బిగించి కుళాయి తిప్పి, మీకు నచ్చినట్లు నీరు జారే దాకా సర్దండి. ఆ తరువాత కుళాయిని కదపకుండా పైపు మూతిని రాయి తల ఎత్తులోనే పట్టుకుని 15 లీటర్ల బకెట్టు నింపండి. 36 సెకన్లలో నిండితే అది గంటకు 1,500 లీటర్ల ప్రవాహం.

చోటు గురించి ఒక మాట. ఈశాన్యంలోనే పెట్టాలా అని అడగబోతున్నారని మాకు తెలుసు; వాస్తు ఈ శీర్షిక పరిధిలోనిది కాదు. మన ఇళ్లలో సంపు, బోరు కూడా ఆ మూలనే ఉండడం వల్ల నీటి గొట్టం దగ్గరలో దొరుకుతుందన్నంత వరకు ఈశాన్యం సౌకర్యమే. అయితే తొట్టి పొర్లు నీరు గానీ, కడిగిన నీరు గానీ సంపులోకి దిగే అవకాశం లేకుండా చూడాలి. వేపచెట్టు కింద మాత్రం పెట్టవద్దు, ఆకులు, వేసవిలో పూత, తరువాత పండ్లు రాలి మోటారు జాలీని మూసేస్తూనే ఉంటాయి. గోడకు 2 అడుగులైనా ఎడం ఉంటే గోడ రంగు పాడవదు.

కరెంటు తీగను గొట్టంలో దూర్చి తేవాలి, తొట్టిలో గానీ తొట్టి దగ్గర గానీ అతుకు ఉండకూడదు. ఆ లైనుకు 30 మిల్లీయాంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్చి), సరైన ఎర్తు తప్పనిసరి. దీపాలు 12 వోల్టులవి ఎంచుకోండి. ఎంత చిన్న పనికైనా నీటిలో చేయి పెట్టే ముందు స్విచ్చి ఆపడం కాదు, ప్లగ్గు తీసివేయాలి.

చివరగా, గులకరాళ్లు పేర్చక ముందే తొట్టి కారుతోందేమో చూసుకోండి. తొట్టి నింపి, మోటారు నడపకుండా, పక్కనే ఒక బకెట్టులోనూ నీళ్లు పెట్టి రెండింటికీ గీత గీయండి. రెండు రోజుల తరువాత రెండింటిలోనూ ఒకే మేర తగ్గితే అది ఎండకు పోయినది, తొట్టిలో అంతకంటే బాగా ఎక్కువ తగ్గితే ఎక్కడో కారుతున్నట్లు.

ప్రశ్న: మూడు అంతస్తుల పళ్లేలతో ఉన్న రెడీమేడ్ సిమెంటు ఫౌంటెన్ తెచ్చి, ఇంట్లో ఉన్న చిన్న తొట్టిలో నిలబెట్టాము. మోటారు వేయగానే అయిదు నిమిషాల్లో తొట్టి అడుగంటి మోటారు గరగరమంటుంది. నీళ్లు పోసి నింపితే బాగానే నడుస్తుంది, ఆపగానే నీళ్లు తొట్టి మీదుగా పొర్లిపోతాయి. మోటారు మార్చాలా?
— ఒక ఉపాధ్యాయుడు, చిత్తూరు

జవాబు: మోటారులో లోపం లేదు. ఫౌంటెన్ నడుస్తున్నప్పుడు కొంత నీరు ఎప్పుడూ తొట్టి బయటే ఉంటుంది: పైపులో కొంత, పళ్లేల్లో కొంత, గాలిలో కొంత. 2 అడుగుల వ్యాసం, 4 అంగుళాల లోతు గల పళ్లెం ఒక్కటే 30 లీటర్ల దాకా పట్టవచ్చు. అడుగు గుండ్రంగా ఉంటే అంతకు తక్కువ. మీ మూడు పళ్లేలు ఖాళీగా ఉండగా మోటారు వేస్తే అవన్నీ నిండే దాకా కింది తొట్టి వాటికి నీరు ఇస్తూనే ఉండాలి. అందుకే అడుగంటుతోంది. మొదట పళ్లేలను చెంబుతోనో పైపుతోనో నింపి, ఆ తరువాతనే మోటారు వేయండి. సగం ఇబ్బంది తీరుతుంది.

ఆపినప్పుడు పొర్లడానికి కారణం దీనికి మరో వైపు. నీరు పళ్లెం అంచు దాటి జారాలంటే అంచు కంటే కొంచెం ఎత్తుగా నిలబడాలి. మోటారు ఆగగానే ఆ ఎత్తు మేర నీరంతా కిందికి దిగుతుంది, పైపులోని నీరు కూడా వెనక్కి వస్తుంది. ఒకవేళ పళ్లేల్లో నీరు పూర్తిగా దిగిపోతోందంటే, మధ్య గొట్టం చుట్టూ వేసిన సీలు వదిలిందని అర్థం, ముందు దానిని సరిచేయించండి. తరువాత తొట్టి చాలుతుందో లేదో ఇలా తేల్చుకోండి. ఫౌంటెన్ నడుస్తుండగా మోటారు మునిగి, పైన ఇంకా 3 అంగుళాలు ఉండే దాకా నింపి తొట్టి గోడ మీద గీత పెట్టండి. మోటారు ఆపి, నీరంతా దిగాక మట్టం ఎక్కడికి వచ్చిందో చూడండి. ఆ రెండో గీతకు పైన కనీసం 2 అంగుళాల గోడ మిగలాలి. మిగలకపోతే తొట్టి చిన్నది, ఇందులో సర్దుబాటుకు దారి లేదు, పెద్దది కట్టుకోవాలి. పై పళ్లెం నుంచి నీరు పడే ఎత్తును కూడా చూసుకుని వెడల్పు నిర్ణయించండి. అతి పెద్ద పళ్లెం అంచు తొట్టి అంచు కంటే ఒక్కో వైపున అడుగైనా లోపలికి ఉండాలి.

ప్రశ్న: మా ఫౌంటెన్ సాయంత్రం రెండు గంటలే నడుపుతాము. ఇంటింటికీ తిరిగే ఆరోగ్య సిబ్బంది వచ్చి తొట్టిలో దోమ పిల్లలున్నాయని చూపించి, నీళ్లు పారబోయమన్నారు. శుభ్రమైన నీటిలో దోమలు ఎలా వస్తాయి? ఫౌంటెన్ తీసేయాలా?
— ఒక పాఠకుడు, శ్రీకాళహస్తి

జవాబు: వారు చెప్పింది నిజం. డెంగీని వ్యాపింపజేసే ఏడిస్ దోమ మురికి కాలువల కంటే ఇంటి చుట్టుపక్కల నిలిచిన శుభ్రమైన నీటినే ఇష్టపడుతుంది. నీటి అంచున, తడిసిన గోడ మీద గుడ్లు పెడుతుంది. మన వాతావరణంలో గుడ్డు దోమగా మారడానికి వారం నుంచి పది రోజులు చాలు. వారానికొకసారి, శుక్రవారం, నీటి పాత్రలన్నీ ఖాళీ చేసి ఆరబెట్టాలని ఆరోగ్య శాఖ చెప్పడం వెనుక ఉన్న లెక్క అదే. ఆ గుడ్లు నీరు లేకపోయినా నెలల తరబడి బతికి ఉండగలవు కాబట్టి, నీళ్లు పారబోసి మళ్లీ నింపితే చాలదు. గోడను బ్రష్షుతో గట్టిగా రుద్ది కడగాలి.

ఫౌంటెన్ తీసేయనక్కరలేదు గానీ, 400 లీటర్ల తొట్టిని వారం వారం పారబోయడం ఆచరణలో కష్టం, నీటి కరువున్న ప్రాంతంలో అన్యాయం కూడా. తొట్టికి పైకప్పు లేకుండా ఉంటే గప్పీ చేపలు వదలండి, దోమ పిల్లలను అవి మిగల్చవు. కొత్త సిమెంటు తొట్టి అయితే రెండు మూడు సార్లు నింపి, కొన్ని రోజులు ఉంచి, పారబోసిన తరువాతే చేపలు వేయాలి, లేకపోతే సున్నపు ఘాటుకు చచ్చిపోతాయి. కుళాయి నీళ్లలోని క్లోరిన్ పోవడానికి ఒక రోజు నిలవ ఉంచాలి. చేపలున్న తొట్టికి లోతు ఒక అడుగైనా ఉండాలి. అంతకు తక్కువైతే మే నెలలో మధ్యాహ్నానికి నీరు కాగిపోతుంది. తొట్టి శుభ్రం చేసేటప్పుడు ఆ చేపలను చెరువులో వదలడం మాత్రం చేయవద్దు, అక్కడి స్థానిక చేపలకు అవి చెరుపు.

చేపలు వద్దనుకునేవారు తొట్టిని పూర్తిగా కప్పి, గ్రిల్లు మీద దోమతెర అంత సన్నని జాలీ పరచవచ్చు. అయితే గోడ దగ్గర వేలు దూరే సందు ఒక్కటి మిగిలినా ఆ ఏర్పాటు వృథా. దోమల మందు కావాలంటే బీటీఐ అనే బాక్టీరియా ఆధారిత బిళ్లలు దొరుకుతాయి, అవి దోమ పిల్లలను తప్ప చేపలను, పక్షులను బాధించవు. నీటి మీద కిరోసిన్ పోసే పాత అలవాటు మోటారు రబ్బరును పాడుచేస్తుంది, నీళ్లు తాగడానికి వచ్చే పిచ్చుకలకూ ముప్పు.

ప్రశ్న: మిద్దె మీద తోట ఉంది. అక్కడ 6 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు, అడుగు లోతు తొట్టి కట్టి ఫౌంటెన్ పెట్టాలనుకుంటున్నాము. కింద బాగా కమ్మీ వేసిన శ్లాబే.
— ఒక పాఠకురాలు, చంద్రగిరి

జవాబు: కట్టవద్దు. మనుషులు తిరిగే మిద్దెకు భవన నిర్మాణ ప్రమాణాల్లో లెక్కించే అదనపు బరువు చదరపు మీటరుకు సుమారు 150 కిలోలు. 6 అంగుళాల లోతు నీరు ఒక్కటే ఆ పరిమితికి సమానం. మీ అడుగు లోతు తొట్టిలో నీరే చదరపు మీటరుకు 300 కిలోలు దాటుతుంది, ఆపైన గోడలు, రాయి, గులకరాళ్లు, చూడడానికి వచ్చిన చుట్టాలు. శ్లాబు ఎంత గట్టిదైనా దాన్ని వేసినప్పుడు ఈ బరువును లెక్కపెట్టి ఉండరు. పైగా నీరు మెల్లగా ఇంకి కమ్మీకి తుప్పు పట్టించడం పై నుంచి కనబడదు.

మిద్దె మీద కావాలంటే రెండున్నర అడుగుల వ్యాసం, 6 అంగుళాల లోతు గల ఫైబరు గిన్నె చాలు. అందులో 70 లీటర్ల లోపే పడతాయి. దాన్ని శ్లాబు మధ్యలో కాక, కింద దూలం గానీ స్తంభం గానీ ఉన్న చోట పెట్టి, నీరు పైకి ఎగసేది కాక అడుగు లోపు ఎత్తున పొంగేది ఎంచుకోండి. ఎక్కువ నీరు నిలిచే ఏ ఏర్పాటుకైనా ముందు ఇంజనీరు వచ్చి చూడాలి. ఈ విషయంలో మేస్త్రీ అభయం సరిపోదు.

ప్రశ్న: ఆరు నెలలకే నల్లరాయి మీద తెల్లటి చారలు కట్టాయి. యాసిడ్‌తో కడగవచ్చునా?
— ఒక పాఠకుడు, పుత్తూరు

జవాబు: రాతి పొరల్లోంచి వచ్చే మన బోరు నీళ్లలో సున్నపు లవణాలు ఎక్కువగా ఉండడం సాధారణం. నీరు ఆవిరైనప్పుడు అవి మాత్రం ఆవిరి కావు. రోజుకు 15 లీటర్ల చొప్పున పోస్తూ ఉంటే 25 రోజుల్లో దాదాపు 380 లీటర్ల తొట్టి నిండేంత నీరు కొత్తగా వచ్చి చేరుతుంది, అంటే నెల తిరగక ముందే లవణాల గాఢత రెండింతలవుతుంది. నెలకొకసారి సగానికి పైగా నీరు తీసి కొబ్బరి చెట్టు పాదుకు పోసి కొత్త నీరు నింపడం ఉత్తమం. వాన నీళ్లు పట్టి ఉంచుకోగలిగితే మరీ మంచిది.

బాత్రూము యాసిడ్ వాడవద్దు. సిమెంటును తినేస్తుంది, మోటారును చెడగొడుతుంది. గ్రానైటు మీది చారలకు వినిగరులో అంతే నీరు కలిపి గుడ్డతో అద్ది, పది నిమిషాల తరువాత రుద్ది కడిగేయండి. తొట్టి అంచుకు కడప రాయి పలకలు వేసి ఉంటే వాటి మీద వినిగరు కూడా పడకూడదు. కడప రాయి సున్నపురాయి జాతి కాబట్టి పులుపు తగిలిన చోటల్లా నునుపు పోయి తెల్లబారుతుంది.

ప్రశ్న: 300 లీటర్ల ఫైబరు తొట్టిని నేలలో పూడ్చి ఫౌంటెన్ పెట్టుకున్నాము. నవంబరు వానల ముందు శుభ్రం చేసి ఖాళీగా ఉంచాము. వానలు తగ్గాక చూస్తే తొట్టి ఒక పక్క అరడుగు పైకి లేచి ఉంది. ఎవరో పెకలించినట్లుంది, కారణమేమిటి?
— ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: ఎవరూ పెకలించలేదు, తేలింది. మన జిల్లాల్లో ఈశాన్య రుతుపవనాల వానలు కూడా గట్టిగానే పడతాయి. 2021 నవంబరులో తిరుపతి వీధులే ఏరులైన సంగతి అందరికీ తెలిసినదే. అలాంటి వానల్లో తొట్టి చుట్టూ తవ్వి పూడ్చిన వదులు మట్టి నీటితో నిండిపోతుంది. అప్పుడు పదిహేను ఇరవై కిలోలు కూడా తూగని ఖాళీ ఫైబరు తొట్టిని ఆ నీరు 300 కిలోల దాకా బలంతో పైకి నెట్టగలదు. తొట్టి నిండుగా ఉండి ఉంటే లోపలి నీటి బరువు ఆ నెట్టును అణచి ఉంచేది.

ఇప్పుడు పైకి లేచిన తొట్టిని తొక్కి కిందికి దించే ప్రయత్నం చేయవద్దు, అడుగున మట్టి జారి చేరి ఉంటుంది, ఫైబరు పగులుతుంది. నేల ఆరాక పూర్తిగా తీసి, గుంత అడుగున 4 అంగుళాల కంకర పరచి, ఆ కంకర నుంచి ఇంటి వాన నీటి కాలువ దాకా వాలుగా ఒక చిల్లుల గొట్టం వేయించండి. తొట్టి పెట్టి, చుట్టూ ఇసుక నింపుతూ, ఇసుక ఎంత ఎత్తుకు వస్తే లోపల నీళ్లు కూడా అంత ఎత్తుకు పోస్తూ రండి. అలా చేస్తే తొట్టి గోడలు లోపలికి నొక్కుకుపోవు. పై అంచు చుట్టూ 6 అంగుళాల వెడల్పున కాంక్రీటు పట్టీ వేసి తొట్టి అంచును దానికి బిగించండి. అంచు చుట్టూ నేల కంటే 2 అంగుళాల ఎత్తు ఉంటే వాకిట్లోని బురద నీరు లోపలికి రాదు. అంచుకు 3 అంగుళాల కింద ఒకటిన్నర అంగుళాల పొర్లు గొట్టం పెట్టి దాని మూతికి జాలీ కట్టండి. 100 మిల్లీమీటర్ల వాన పడితే తొట్టి మట్టం 4 అంగుళాలు పెరుగుతుంది కనుక ఇది అనవసరపు ఖర్చు కాదు. తొట్టి కడిగే పని ఏటా సెప్టెంబరు లోపే ముగించి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తొట్టిని ఎప్పుడూ నిండుగానే ఉంచండి.